సముద్రం దాటిన పింఛను

పెర్త్ నగరానికి ఆగ్నేయంగా ఉన్న కానింగ్ వేల్ పేరులో భారతదేశ చరిత్ర కొంత దాగి ఉంది. 1827లో స్వాన్ నదీ ప్రాంతాన్ని పరిశీలించడానికి వచ్చిన జేమ్స్ స్టర్లింగ్ అక్కడి ఉపనదికి బ్రిటిష్ రాజనీతిజ్ఞుడు జార్జ్ కానింగ్ పేరు పెట్టాడు. ఆ కానింగ్ 1816 నుంచి 1821 వరకు ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలను పర్యవేక్షించే బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌కు అధ్యక్షుడు. ఆయన కుమారుడు చార్లెస్ కానింగ్ 1858లో భారతదేశానికి తొలి వైస్రాయి అయ్యాడు. నది పేరు క్రమంగా చుట్టుపక్కల నేలకు, తర్వాత ఈ శివారుకు సంక్రమించింది.

నేడు కానింగ్ వేల్‌లో భారతీయ కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉపాధ్యాయులుగా, ఇంజనీర్లుగా, రెవెన్యూ ఉద్యోగులుగా పదవీ విరమణ చేసి, పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడిన పెద్దలు ఇటువంటి శివార్లలో కనిపిస్తారు. వారి రోజు స్వదేశం కంటే రెండున్నర గంటలు ముందు మొదలవుతుంది. వారి పింఛను మాత్రం ఇప్పటికీ గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న బ్యాంకు శాఖలో రూపాయల్లోనే జమ అవుతుంది. ఏడాదికొకసారి ప్రభుత్వం వారిని ఒకే ప్రశ్న అడుగుతుంది: మీరు జీవించే ఉన్నారా? ఆ ప్రశ్నకు సకాలంలో జవాబు అందకపోతే పింఛను ఆగిపోతుంది. ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది, సముద్రానికి ఈవల ఉన్నవారికి దానికి జవాబు చెప్పడం ఎందుకు కష్టమైంది అన్నది పరిశీలించదగ్గ విషయం.

పెర్త్‌కు వచ్చిన తొలి పింఛనుదారులు

భారతదేశంలో చేసిన కొలువుకు దక్కిన పింఛను పెర్త్‌లో అందుకోవడం కొత్త సంగతి కాదు. 1850 జూన్ 1న సిండియన్ అనే ఓడ పశ్చిమ ఆస్ట్రేలియాకు తొలి ఖైదీలను తెచ్చింది. వారికి కాపలాగా వచ్చినవారు విశ్రాంత సైనికులు. ఎన్‌రోల్డ్ పెన్షనర్ ఫోర్స్ అనే ఈ దళంలో, తర్వాతి ఓడల్లో వచ్చినవారిని కలుపుకుంటే, ఈస్టిండియా కంపెనీ సైన్యం నుంచి విరమించినవారూ ఉన్నారు. వారికి ఇక్కడ నివాసం, కొంత భూమి దొరికాయి. పింఛను కూడా వారి వెంటే వచ్చింది. 1860లలో పెర్త్‌లో వారికోసం కట్టిన బ్యారక్స్‌ను 1966లో చాలావరకు కూల్చివేశారు. దాని కమాను ఒక్కటి సెయింట్ జార్జెస్ టెర్రస్ పడమటి చివర ఇప్పటికీ నిలిచి ఉంది.

సామ్రాజ్యం తన సొంత మనుషుల పింఛనును సముద్రాలు దాటించడంలో ఎన్నడూ ఇబ్బంది పడలేదు. ఇండియన్ సివిల్ సర్వీసు అధికారికి ఏడాదికి 1,000 పౌండ్ల పింఛను ఇంగ్లండులో అందేది. అది భారత ఖజానా మీద పడే హోమ్ చార్జీలలో భాగం. దాదాభాయి నౌరోజీ సంపద తరలింపు అని ఖండించినది ఇటువంటి చెల్లింపులనే. 1870ల ఆరంభంలో రూపాయి విలువ దాదాపు రెండు షిల్లింగులు. ఆ లెక్కన వెయ్యి పౌండ్లకు పదివేల రూపాయలు సరిపోయేవి. 1894–95 నాటికి రూపాయి సుమారు 13 పెన్నీలకు పడిపోయింది. అదే వెయ్యి పౌండ్లకు దాదాపు 18,500 రూపాయలు కావలసి వచ్చింది. ఇంగ్లండులోని పింఛనుదారుడికి ఒక్క పెన్నీ తగ్గలేదు. మారకపు నష్టమంతా ఇక్కడి పన్ను చెల్లింపుదారుడి నెత్తిన పడింది.

ఖజానాకు కట్టిన ముడి

దేశీయ ఉద్యోగి సంగతి వేరు. అతడి పింఛను రూపాయల్లో ఉండేది, ఒక ఖజానాకు కట్టుబడి ఉండేది. 1871 నాటి పింఛన్ల చట్టం అతడికి ఒక గట్టి రక్షణ ఇచ్చింది. అప్పులిచ్చినవాడు కోర్టుకెక్కినా పింఛనును జప్తు చేయడానికి వీల్లేదని పదకొండవ సెక్షను చెప్పింది. ఆ చట్టం నేటికీ అమలులో ఉంది. అయితే నాటి పాలకుల దృష్టిలో పింఛను హక్కు కాదు, దయతో ఇచ్చేది. తెలుగులో పింఛనుకు ఒకప్పుడు వాడిన ఉపకార వేతనం అన్న మాటలోనూ ఆ ధ్వని ఉంది.

పింఛను చెల్లింపు ఉత్తర్వును రెండు ప్రతులుగా తయారుచేసి, ఒకటి పింఛనుదారుడికిచ్చి రెండవది ఖజానాలో భద్రపరిచే పద్ధతి స్వాతంత్ర్యం తర్వాతా కొనసాగింది. పుట్టుమచ్చలు, ఫొటో, సంతకం లేదా వేలిముద్ర ఆధారంగా గుమాస్తా మనిషిని పోల్చుకునేవాడు. మనిషి ఊళ్లోనే ఉంటాడన్నది ఆ ఏర్పాటుకు పునాది. ఎదుట నిలబడటమే బతికి ఉన్నాడనడానికి సాక్ష్యం. కేంద్ర ప్రభుత్వ పింఛన్లు 1976 నుంచి ప్రభుత్వరంగ బ్యాంకుల ద్వారా రావడం మొదలైన తర్వాత నెలనెలా ఖజానా గడప తొక్కే పని తప్పింది. అప్పటినుంచి ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టే ప్రధాన సాక్ష్యమైంది.

పింఛను దయ కాదు, హక్కు అని సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో ప్రకటించింది. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో రాజ్యాంగ ధర్మాసనం మరో అడుగు ముందుకు వేసింది. పదవీ విరమణ తేదీని బట్టి పింఛనుదారులను రెండు వర్గాలుగా విడదీసి, మెరుగైన పింఛను కొందరికే ఇవ్వడం చెల్లదని తీర్పునిచ్చింది. తీర్పు రాసినవారు జస్టిస్ డి.ఎ. దేశాయి. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి ఆ ధర్మాసనంలో ఒకరు. పింఛనుదారుల సంఘాలు ఏటా డిసెంబరు 17ను పింఛనుదారుల దినంగా జరుపుకోవడానికి కారణం ఈ తీర్పే.

ఆస్ట్రేలియా తలుపు

ఇదే కాలంలో ఆస్ట్రేలియాలో పింఛను వేరే దారిలో నడిచింది. 1908లో చేసిన చట్టం ప్రకారం 1909 జూలై 1 నుంచి వృద్ధులకు ఏడాదికి 26 పౌండ్ల వరకు ఇవ్వసాగారు. దీనికి ఉద్యోగ చరిత్రతో పనిలేదు. వయసు, నివాస కాలం, పేదరికం చూసేవారు. కాని ఆస్ట్రేలియాలో పుట్టని ఆసియావాసులను, ఆ నేలకు అసలు వారసులైన ఆదివాసులను ఆ చట్టం వెలుపలే ఉంచింది. ఎన్నేళ్లు ఇక్కడ కష్టపడినా భారతీయ వృద్ధుడికి చిల్లిగవ్వ వచ్చేది కాదు. 1922లో వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి ఆస్ట్రేలియాలో పర్యటించి, అక్కడి భారతీయులకు సమాన హక్కులు ఇవ్వాలని కోరారు. 1925లో బ్రిటిష్ ఇండియాలో పుట్టినవారికి సమాఖ్య ఎన్నికలలో ఓటు హక్కు, 1926లో వృద్ధాప్య పింఛను అర్హత లభించాయి.

నేటి వృద్ధాప్య పింఛనుకు 67 ఏళ్లు నిండాలి. సాధారణంగా పదేళ్ల నివాసం, అందులో కనీసం ఐదేళ్లు ఎడతెగకుండా ఉండాలి. ఆదాయాన్ని, ఆస్తులను లెక్కకడతారు. స్వదేశం నుంచి వచ్చే పింఛను కూడా ఆ ఆదాయపు లెక్కలోకి వస్తుంది. తల్లిదండ్రుల వీసా మీద ఆలస్యంగా వచ్చినవారికి ఆ పదేళ్లు పూర్తయ్యేదాకా చేతిలో ఉండే సొంత డబ్బు స్వదేశపు పింఛనే. భారత్, ఆస్ట్రేలియా 2014 నవంబరులో సామాజిక భద్రత ఒప్పందం చేసుకున్నాయి. అది 2016 జనవరి 1న అమలులోకి వచ్చింది. భారతదేశం వైపు దాన్ని నిర్వహించేది ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ. తాలూకా ఖజానా నుంచి పింఛను పొందే విశ్రాంత ఉపాధ్యాయుడి రోజువారీ చిక్కులు దానితో తీరవు.

రూపాయి, ఫోను, వేలిముద్ర

ఆ చిక్కుల్లో మొదటిది డబ్బు. విదేశంలో స్థిరపడటానికి వెళ్లినవారి సాధారణ పొదుపు ఖాతాను ఎన్నారో ఖాతాగా మార్పించాలి. పింఛను అందులో జమ అవుతుంది. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టపు కాలంలో ఇటువంటి డబ్బును దేశం దాటించడం దాదాపు అసాధ్యం. 1990లలో ఆంక్షలు మెల్లగా సడలాయి. 2000 జూన్ 1న కొత్త చట్టం ఫెమా అమలులోకి వచ్చింది. ఇప్పుడు పింఛను, అద్దె, వడ్డీ వంటి చాలూ ఆదాయాన్ని పన్ను చెల్లించి, కావలసిన పత్రాలు సమర్పించి విదేశానికి పంపుకోవచ్చు.

దారి తెరుచుకున్నా మారకపు నష్టం పోలేదు. నాటి తెల్లదొర పింఛను పౌండ్లలో ఉండేది కనుక నష్టం ఖజానాది. నేటి తెలుగు పింఛను రూపాయల్లో ఉంది కనుక నష్టం పింఛనుదారుడిది. ఈ శతాబ్ది ఆరంభంలో ఆస్ట్రేలియన్ డాలరు 30 రూపాయలలోపే దొరికేది. ఇప్పుడు 50 దాటింది. ధరలు పెరిగినప్పుడు ప్రభుత్వం కరువు భత్యం పెంచుతుంది, నిజమే. కాని ఆ పెంపు స్వదేశపు ధరలను చూసి చేసేది. కానింగ్ వేల్ అంగడిలో కూరగాయల ధరతో దానికి సంబంధం లేదు.

రెండవ చిక్కు ఫోను. ఖాతాను ఇంటినుంచే చూసుకునే సౌకర్యం వచ్చింది కాని, దాని తాళంచెవి భారతీయ మొబైల్ నంబరుకు వచ్చే ఓటీపీలో ఉంది. రీచార్జి మరచి ఆ నంబరు పోతే, ఖాతాలో డబ్బున్నా చేతికి రాదు. ఈ భయంతోనే కొందరు ఏటీఎం కార్డును, సంతకాలు చేసిన చెక్కులను స్వదేశంలో తమ్ముడికో మేనల్లుడికో అప్పగించి వస్తారు. అప్పులవాళ్ల నుంచి పింఛనును కాపాడిన 1871 చట్టం, ఇష్టపూర్వకంగా అప్పగించిన కార్డు నుంచి కాపాడలేదు. నంబరును బతికించుకోవడం, కొత్త చిరునామాను బ్యాంకుకూ ఖజానాకూ తెలియజేయడం, పింఛను ఉత్తర్వులో జీవిత భాగస్వామి పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడం చిన్న పనులుగా కనిపిస్తాయి. పింఛనుదారుడు మరణించిన తర్వాత కుటుంబ పింఛను ఏ అడ్డూ లేకుండా మొదలవడం వీటి మీదే ఆధారపడుతుంది.

మూడవది ఆ పాత ప్రశ్న. కేంద్ర పింఛనుదారులు నవంబరులో, 80 ఏళ్లు నిండినవారు అక్టోబరు 1 నుంచే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. రాష్ట్రాలు తమ గడువులు తామే నిర్ణయించుకుంటాయి. విదేశంలో ఉన్నవారు మెజిస్ట్రేటు, నోటరీ, బ్యాంకు అధికారి లేదా భారత దౌత్య ప్రతినిధి సంతకంతో పత్రం పంపే వెసులుబాటు కేంద్ర నియమాలలో ఉంది. పెర్త్‌లో భారత కాన్సులేట్ ఉంది. 2025 జూన్ 8న రాన్‌ఫర్డ్ రోడ్ రైల్వే స్టేషను తెరుచుకున్నాక కానింగ్ వేల్ నుంచి నగరానికి వెళ్లడమూ సులభమైంది. 2014 నవంబరు 10న ఆధార్ ఆధారిత జీవన్ ప్రమాణ్ మొదలైంది. వయసుతో అరిగిన వేలిముద్రలు యంత్రానికి అందని ఇబ్బంది ఎదురైంది. 2021 నవంబరులో ముఖాన్ని గుర్తించే పద్ధతి వచ్చింది. ఖజానా గుమాస్తా పుట్టుమచ్చ చూసి పోల్చుకున్న మనిషిని ఇప్పుడు ఫోను కెమెరా పోల్చుకుంటోంది. సాధనం మారింది, ప్రశ్న మారలేదు.

2014లోనే మరో మార్పు వచ్చింది. జూన్ 2న రాష్ట్రం రెండైంది. ఉమ్మడి రాష్ట్రపు పింఛను భారాన్ని విభజన చట్టంలోని 59వ సెక్షను, ఎనిమిదవ షెడ్యూలు జనాభా ప్రాతిపదికన 58.32, 41.68 శాతాలుగా పంచాయి. ఉద్యోగి ముప్పై ఏళ్లు పనిచేసిన ప్రభుత్వం ఆ రూపంలో లేకుండా పోయింది. అది ఇచ్చిన మాట మాత్రం దాని వారసులకు సంక్రమించింది.

మాట మిగిలినంత కాలం

ఈ తరం తర్వాత ఆ మాట ఇదే రూపంలో ఉండదు. కేంద్రంలో 2004 జనవరి 1 నుంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ఉద్యోగులకు వాటాల మీద నడిచే కొత్త పింఛను విధానం వచ్చింది. దాని మీద వివాదం నేటికీ ముగియలేదు. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పింఛను పథకాన్ని ప్రవేశపెట్టడం ఆ వివాద ఫలితమే. కానింగ్ వేల్‌లో ఉద్యోగాలు చేస్తున్న వారి పిల్లలకు ఉన్నది సూపర్‌యాన్యుయేషన్ నిధి. 1992లో వేతనంలో 3 శాతంతో తప్పనిసరి అయిన యజమాని వాటా, 2025 జూలై 1 నాటికి 12 శాతానికి చేరింది.

ఒకే ఇంట్లో రెండు రకాల వార్ధక్యాలు పక్కపక్కన ఉన్నాయి. పిల్లల నిధి డాలర్లలో ఉంది, ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు, ఎవరి సంతకమూ అడగదు. యజమాని బతికి ఉన్నాడా అని ఏటా విచారించదు. విచారించవలసిన అవసరం దానికి లేదు. అందులో ఉన్నది కూడబెట్టిన సొమ్ము, తీసుకున్నకొద్దీ తరుగుతుంది, ఒకనాడు అయిపోవచ్చు. తొంభై ఏళ్లు బతికినా డెబ్బయి ఏళ్లకే పోయినా దానికి ఒకటే. తల్లిదండ్రుల పింఛను అలా కాదు. మనిషి ఎంతకాలం బతికితే అంతకాలం ఇస్తానన్న మాట అది. అంతకాలం ఇవ్వవలసినవాడే ఇంకా ఉన్నారా అని అడుగుతాడు.

అందువల్ల ఏటా వచ్చే ఆ ప్రశ్న విసుగు కలిగించినా, ఆ మాట ఇంకా చెల్లుతోందనడానికి అదే గుర్తు. దానికి జవాబు చెప్పడం వృద్ధులకు సులభం చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిది, బ్యాంకులది, పక్కనే ఉన్న పిల్లలది. ఏ నవంబరు ఉదయమో కానింగ్ వేల్‌లోని ఒక ఇంట్లో కూతురు ఫోను పైకెత్తి పట్టుకుంటే, తండ్రి కళ్లద్దాలు తీసి, వెలుతురు వైపు తిరిగి, చెప్పినప్పుడు కనురెప్పలు ఆర్పుతాడు. అక్కడికి ఎన్నో వేల మైళ్ల దూరంలో మరో ఏడాదికి అతడి పేరు పుస్తకంలో నిలుస్తుంది.