సంచారము చేయు చుక్కలు

గ్రహమును ఇంగ్లీషువారు ‘ప్లానెట్’ అందురు. ఇది గ్రీకు భాషనుండి వచ్చిన మాట. ఆ భాషలో ‘ప్లనేటేస్’ అనగా తిరుగువాడు, సంచారి. ఆకాశమున తక్కిన చుక్కలన్నియు తమలో తమకు గల దూరము చెదరక కలసి సాగుచుండగా, ఐదు మాత్రము రాశినుండి రాశికి మారుచుండును. ఒక్కొక్కప్పుడు వెనుకకును నడచును. ఆ వెనుకనడకనే మన పంచాంగకర్తలు వక్రగతి యనిరి. గ్రీకులు ఆ ఐదింటితో సూర్యచంద్రులను గూడ చేర్చి సంచారులు ఏడుగురని లెక్కించిరి. మన వారములకు అధిపతులును ఆ ఏడుగురే.

సంచారమును తెలుపు గ్రీకు మాటలకు సంతానము కొద్దియే గాని చిత్రమైనది. సముద్రజలములలో స్వయముగా ప్రవాహమున కెదురీదలేక కొట్టుకొనిపోవు సూక్ష్మజీవులకు 1887లో జర్మను శాస్త్రజ్ఞుడు విక్టర్ హెన్సెన్ ‘ప్లాంక్టన్’ అని పేరు పెట్టెను. నిజాంపట్నము, వాడరేవు తీరములలో వలకు చిక్కు చేపల ఆహారమునకు మూలము ఈ సంచారజీవులే. ‘ప్లానెటేరియము’ కూడ ఆ యింటి మాటయే. హైదరాబాదులో 1985లో వెలసిన బిర్లావారి ప్లానెటేరియమును మనము నక్షత్రశాల యనుచున్నాము. వారు తిరుగువానిని బట్టియు, మనము తిరుగని వానిని బట్టియు ఒకే భవనమునకు పేరు పెట్టుకొంటిమి!

మన ‘గ్రహము’ అను మాటకు పట్టుకొనునది యని అర్థము. గ్రహణము అన్న మాటయు ఆ ధాతువునుండి పుట్టినదే. గ్రీకులకు నడక కనబడినచోట మనవారికి పట్టు కనబడినది. అట్లని మనవారు నడకను గమనింపకపోలేదు. శనికి గల శనైశ్చరుడు అను పేరునకు మెల్లగా చరించువాడని అర్థము. రాశిచక్రమును ఒకమారు చుట్టివచ్చుటకు అతనికి దాదాపు 29½ సంవత్సరములు పట్టును. ఆ పేరు పెట్టినవారు అతని నడకను ఓపికతో కనిపెట్టియుందురు.

బృహస్పతి నడక మన నిత్యవ్యవహారములోనికే వచ్చినది. ఆయన కన్యారాశిలో ప్రవేశించినపుడు కృష్ణానదికి పుష్కరము. 2016 ఆగస్టులో అమరావతి, సీతానగరము రేవులలో స్నానము చేసిన లక్షలాది జనులు, తెలిసియో తెలియకయో, ఒక గ్రహము చుట్టి వచ్చుటను లెక్కించినవారే. ఆ చుట్టునకు పట్టు కాలము 11.86 సంవత్సరములు. “నిన్ను చూచి పుష్కరకాలమైనది” అని మన యిండ్లలో అనుకొను మాట ఈ లెక్కనుండి వచ్చినదే.

లెక్కకు అందిన సంచారమును దారితప్పుట యనరాదు. ఇందుకు గుంటూరే సాక్షి. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము అచట కనబడునని ఖగోళశాస్త్రజ్ఞులు ముందుగనే గణించిరి. ఆ గణనను నమ్మి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్ జాన్సెన్ సముద్రములు దాటి, ప్రత్తి వర్తకమునకు పేరుపడిన ఆ పట్టణమునకు వచ్చి, ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట పరికరములను నిలిపెను. ప్రాచీనుల లెక్కలోని ఇద్దరు సంచారులు, సూర్యుడును చంద్రుడును, చెప్పిన నాటికే కలిసికొనిరి. సూర్యుని అంచున లేచిన ఎఱ్ఱని జ్వాలలు వాయురూపములని జాన్సెన్ కనుగొనెను. మరునాడు గ్రహణము లేకయే వాటిని చూడగలిగెను. రాహువు పట్టు అని జనులు భయపడిన నిమిషములు ఆయనకు సూర్యుని చదువుకొను సమయమైనవి.

కోపర్నికస్ గ్రంథము 1543లో వెలువడిన పిమ్మట సంచారుల జాబితాయే తారుమారైనది. సూర్యుడు అందుండి తొలగెను. భూమి అందు చేరెను. పేరు మాత్రము మారలేదు. ప్రత్తియు మిరపయు పండు మన నల్లరేగడి నేలయే నేడు ‘ప్లానెట్’. వేకువను వేగుచుక్కను చూచి బండి కట్టు రైతు ఒక సంచారిపై నిలిచి మరియొక సంచారిని చూచుచున్నాడు. కృష్ణకు మరల పుష్కరము 2028లో వచ్చును. ఆ రేవున మునుగునపుడు, రాత్రి తలయెత్తి ఆ బృహస్పతిని గూడ ఒకమారు గుర్తుపట్టుడు.