తూటా నింపే యంత్రం: కొలతకూ తూకానికీ తగవు

గిద్దెడు దూది, గిద్దెడు ఇసుక ఒకే తూకం తూగవని చిన్న పిల్లవాడికైనా తెలుసు. అయినా పందొమ్మిదో శతాబ్దం చివర ఐరోపాలో అనుభవం గల వేటగాళ్ళు కొందరు ఈ సంగతి మరచి, తుపాకి గొట్టాలు పగలగొట్టుకున్నారు. ఆ ప్రమాదం పుట్టిన చోటు తెలిస్తే, నేటి తూటా నింపే ప్రెస్సులో వచ్చే చిక్కులు సులభంగా బోధపడతాయి.

చిన్న సీసపు గుండ్లను ఒక్కసారిగా చిమ్మే వేట తుపాకిని పూర్వం మూతి వైపునుంచే కూరేవారు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందును కొలపాత్రతో పోసేవారు. ఆ కొలతకు 'డ్రాము' అని పేరు. ఆ మందులో కొద్దిపాటి హెచ్చుతగ్గులను తుపాకి సహించేది.

1830 దశకంలో పారిస్‌లో కసిమీర్ లెఫోషో మందు, గుండ్లు, పేలుడు టోపీ ఒకే గొట్టంలో ఇమిడిన తూటాను ప్రచారంలోకి తెచ్చాడు. 1861లో జార్జి డా అడుగున నడుమ టోపీ గల తూటాను ఇంగ్లండులో అమ్మకానికి పెట్టాడు. పేలిన తరువాత కాగితపు గొట్టం, ఇత్తడి అడుగు మిగిలేవి. పొదుపరులు వాటిని పారవేస్తారా? మాడిన టోపీ ఊడదీసి, కొత్తది దిగవేసి, మందు, దానిపై అడ్డుబిళ్ల, ఆపై గుండ్లు పోసి మూతి మడిచేవారు. బల్లకు బిగించే చేతి పనిముట్లు ఇందుకోసమే పుట్టాయి.

అప్పుడు పొగలేని మందు వచ్చింది. ప్రష్యా సైనికాధికారి షుల్ట్స్ 1860 దశకంలో కొయ్యను నత్రికామ్లంతో మార్చి దానిని తయారు చేశాడు. 12 బోరు తూటాకు మూడు డ్రాముల పాత మందు, అనగా 82 గ్రెయిన్లు, వాడుక. అదే కొలపాత్రలో షుల్ట్స్ మందు 42 గ్రెయిన్లే పట్టేది. బలం మాత్రం దాదాపు సమానం. పాత కొలపాత్ర మార్చనక్కరలేదని అందరూ సంతోషించారు. నా దృష్టిలో చిక్కంతా ఈ సౌకర్యంలోనే ఉంది. 1887లో నోబెల్ పేటెంటు పొందిన బాలిస్టైట్ వంటి మందులు సాంద్రమైనవి. పాత కొలపాత్ర నిండా పోస్తే గొట్టం తట్టుకోలేదు. వాటిని త్రాసులోనే తూచాలి.

రెండో ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలో, గాలిలోకి విసిరిన మట్టిబిళ్లలను కొట్టే పోటీలకు వేలకొద్దీ తూటాలు కావలసివచ్చాయి. విస్కాన్సిన్‌లోని మేవిల్ పట్టణంలో 1945లో స్థాపించిన ఇంజనీరింగు కంపెనీ చేసిన ప్రెస్సులు ఇందులో పేరు పొందాయి. ప్రెస్సుపై రెండు సీసాలు తలక్రిందులుగా నిలుస్తాయి: ఒకదానిలో మందు, రెండవదానిలో గుండ్లు. వాటి క్రింద రంధ్రాలున్న అడ్డకడ్డీ అటూ ఇటూ జరుగుతూ, రంధ్రం పట్టినంత క్రిందికి వదలుతుంది. గమనించారా? మళ్ళీ ఘనపరిమాణమే! సరియైన తూకం రావలసిన భారం ఆ రంధ్రం మీద పడింది.

అందుచేత మందు రేకులు గొట్టంలో వంతెన కట్టి ఆగిపోతే ఒక తూటాకు మందు తగ్గుతుంది. వంతెన కూలినప్పుడు తరువాతి తూటాకు ఎక్కువ పడుతుంది. పొడిగాలిలో స్థిరవిద్యుత్తు మందును ప్లాస్టిక్ సీసాకు అంటిస్తుంది. కడ్డీకి నూనె పూస్తే మందు అతుక్కుంటుంది. కడ్డీ అంచున గుండు ఇరుక్కుంటే పిడి కదలదు. బలవంతంగా లాగరాదు; సీసాలు తీసి, ఆ గుండును తొలగించాలి. పిడిని ఒకసారి మెల్లగా, ఒకసారి విసురుగా లాగితే అదిరే తీరు మారి, రంధ్రంలో మందు ఒత్తుకునే పాళ్ళూ మారుతాయి. పాత టోపీల మసి టోపీ దిగవేసే చోట చేరితే టోపీ పూర్తిగా కూర్చోదు. అడుగుకన్న పైకి పొడుచుకువచ్చిన టోపీ ప్రమాదకరం.

తూటా మూతి తానే రోగం చెబుతుంది. మడత లోనికి కుంగితే లోపలి సరుకు తక్కువై ఉండవచ్చు; ఉబికి మూసుకోకపోతే ఎక్కువై ఉండవచ్చు. అయితే మడత అచ్చు సర్దుబాటు తప్పినా ఈ గుర్తులే కనిపిస్తాయి. కాబట్టి అచ్చును తిప్పేముందు కొన్ని మోతాదులను త్రాసులో తూచి చూడడం మంచి పద్ధతి. సీసపు ధూళి చేతికంటుతుంది గనుక పని కాగానే చేతులు కడుక్కోవాలి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు కావాలి.

అమెరికా తూటా పెట్టెలపై నేటికీ మందు బలాన్ని 'డ్రాములకు సమానం' అని అచ్చువేయడం కద్దు. పెట్టెలో ఉన్నది పొగలేని మందే. అది అన్ని డ్రాములు తూగదు.