ఇంట్లోకి సముద్రం వచ్చింది, ఒడ్డు ఖాళీ అయింది!
సముద్రంలో పట్టిన చేపని ఇంట్లో పెంచడం ఇప్పటి ట్రెండ్ అనుకుంటున్నారా? కాదు, ఈ పిచ్చి 170 ఏళ్ల నాటిది.

ఇంగ్లండ్‌లో 1845లో గాజు మీద పన్ను తీసేశారు. 1853లో లండన్ జూలో పబ్లిక్ అక్వేరియం తెరిచారు. దానికి సముద్ర జీవుల్ని సేకరించి ఇచ్చిన ఫిలిప్ హెన్రీ గాస్, 1854లో 'ది అక్వేరియం' అనే పుస్తకం రాశారు. తొట్టెలో నాచు వేస్తే అది ఆక్సిజన్ ఇస్తుంది, జీవులు బతుకుతాయి. ఇదీ ఆయన చెప్పిన కిటుకు.

ఇంకేముంది, జనం తీరానికి ఎగబడ్డారు. రాళ్ల మధ్య నీటి గుంటల్లో ఉన్నవన్నీ ఏరుకుపోయారు. ఆ గుంటలు పాడైపోయాయని, అందుకు తన పుస్తకాలే కారణమని తెలిసి నాన్న చాలా బాధపడ్డారని ఆయన కొడుకు ఎడ్మండ్ 1907లో రాశారు.

తొట్టెలో బ్యాలెన్స్ అందరూ చూసుకున్నారు. ఒడ్డున బ్యాలెన్స్ ఎవరు చూశారు? చేపని ఇంటికి తెచ్చే ముందు ఆ లెక్క కూడా వేయండి.