భూగర్భాన్ని విప్పిన భూకంపం

భూమి లోపల ఏముందో మనిషి తవ్వి తెలుసుకోలేదు. రష్యాలో దాదాపు ఇరవై ఏళ్లు తవ్విన కోలా బోరు 12,262 మీటర్ల లోతున ఆగిపోయింది. భూమి వ్యాసార్థమేమో 6,371 కిలోమీటర్లు. అయినా పలుచని భూపటలం కింద 2,900 కిలోమీటర్ల లోతు వరకూ రాతిపొర, దాని కింద ద్రవరూపంలో ఇనుము, 5,150 కిలోమీటర్లు దాటాక ఘనరూపంలో ఇనుము ఉన్నాయని బడిపిల్లలు సైతం చదువుకుంటున్నారు. ఈ ఎరుకకు గట్టి పునాది వేసింది 1897 జూన్ 12 సాయంత్రం షిల్లాంగ్ పీఠభూమిని కుదిపేసిన భూకంపమూ, దాన్ని ఓపికగా నమోదుచేసిన భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కృషీ అనడం అతిశయోక్తి కాదు.

ఆ సంస్థ అధికారి ఆర్.డి. ఓల్డ్‌హామ్ 1899లో వెలువరించిన నివేదికలో నేల మీద కనిపించిన ఆనవాళ్లకు పెద్దపీట వేశాడు. మట్టిలో కూరుకుపోయిన బండలు తామున్న గుంటల అంచులు చెక్కుచెదరకుండా పైకి ఎగిరిపడ్డాయి. అంటే ఆ కుదుపు గురుత్వాకర్షణనే మించిందని ఆయన లెక్కగట్టాడు. అదే భూకంపాన్ని వేల కిలోమీటర్ల దూరంలో, ఇటలీలోని పరికరాలు కూడా గీతలుగా నమోదుచేశాయి. ఆ గీతల్లో ఒకదాని వెనక ఒకటిగా వచ్చే మూడు రకాల కదలికలను ఆయన వేరుచేసి చూపాడు. మొదటి రెండూ భూమి లోపలినుంచి వస్తాయి, మూడోది ఉపరితలం వెంట వస్తుంది. 1906లో మరికొన్ని భూకంపాల నమోదులను కలిపి చూస్తే, భూగోళం అవతలి వైపుకు చేరే తరంగాలు అనుకున్నదానికంటే ఆలస్యంగా వస్తున్నాయని తేలింది. దారిలో వేరే స్వభావంగల కేంద్రమండలం ఉంటే తప్ప ఆ ఆలస్యానికి అర్థం లేదని ఆయన తేల్చాడు.

భూమి సగటు సాంద్రత పైనున్న రాళ్ల సాంద్రతకు దాదాపు రెట్టింపు కాబట్టి లోపల ఇనుము ఉండాలని జర్మనీ శాస్త్రజ్ఞుడు వీచెర్ట్ అంతకుముందే చెప్పాడు కదా అనవచ్చు. నిజమే. కానీ బరువు లెక్క లోపల భారమైన పదార్థం ఉందని మాత్రమే చెబుతుంది. అక్కడొక సరిహద్దు ఉందని తరంగాల రాక వేళలే చూపాయి. ఓల్డ్‌హామ్ ఆ కేంద్రమండలాన్ని ఉన్నదానికంటే చిన్నదిగా అంచనా వేశాడు, అది ద్రవమని గుర్తించలేదు. ఆ లోపాలను సరిదిద్దినవాళ్లు కూడా ఆ దారినే నడిచారు. గూటెన్‌బర్గ్ సరిహద్దు లోతును సరిగ్గా నిర్ణయించాడు. 1926లో జెఫ్రీస్ ద్రవ కేంద్రాన్ని నిరూపించేందుకు భూకంప తరంగాలనూ ఆధారంగా తీసుకున్నాడు. 1936లో ఇంగె లేమన్ అంతర కేంద్రాన్ని కనుగొన్నదీ తరంగాల గీతల్లోనే. దూరదూరాల భూకంప నమోదు కేంద్రాల్లో గడియారం చూసి వేళ రాసుకునే పనికి పేరు రాలేదు. ఏ బోరూ చేరలేని లోతులు మనకు తెలిశాయంటే, ఆ ఘనతలో మొదటి వాటా ఆ పనిదే.