దరఖాస్తుకు ముందే మొదలయ్యే లెక్క

అమెరికాలో పిల్లల్ని డిగ్రీకి పంపబోయే తెలుగు కుటుంబాలు అక్కడి అడ్మిషన్ ఆఫీసుల్లో వాడే ఈ మాటలు తెలుసుకోవాలి.

యీల్డ్: సీటు వచ్చినవారిలో చివరికి చేరేవారి శాతం. చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో ఒక విద్యార్థి 20 కాలేజీల దాకా దరఖాస్తు పెట్టవచ్చు, చేరేది ఒక్కదాంట్లోనే. ఎందరు చేరతారన్న కాలేజీ అంచనా తప్పితే హాస్టల్ గదులూ ఫీజుల రాబడీ తలకిందులవుతాయి. మిగతా మాటలకు మూలం ఈ భయమే.

డెమాన్‌స్ట్రేటెడ్ ఇంటరెస్ట్: చేతల్లో కనిపించే ఆసక్తి. క్యాంపస్ చూసిరావడం, వెబినార్‌లో పాల్గొనడం, మెయిల్‌కు జవాబివ్వడం వంటివి. దీనికి ఎంత విలువిస్తారో చాలా కాలేజీలు ఏటా ప్రకటించే కామన్ డేటా సెట్‌లో, సి-7 విభాగంలో ఉంటుంది. ఎంఐటీ దీన్ని లెక్కలోకే తీసుకోదు.

కుకీ: వెబ్‌సైట్ మన బ్రౌజర్‌లో ఉంచే గుర్తు. మొదట దానికి పేరుండదు. కాలేజీ మెయిల్‌లోని లింకు నొక్కినా, వివరాల కోసం ఫారం నింపినా పేరు అతుక్కుంటుంది. ఆపైన ఏ పేజీ చూశారు, ఎంతసేపు చూశారు, స్కాలర్‌షిప్ పేజీకి ఎన్నిసార్లు వచ్చారు అన్నదంతా ఆ పేరు కిందే చేరవచ్చు.

పిక్సెల్: మెయిల్‌లో దాగిన, కంటికి ఆనని బొమ్మ. మెయిల్ తెరిస్తే అది లోడై, తెరిచిన సమయం నమోదవుతుంది. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో రక్షణ తెచ్చాక ఈ కొలతపై నమ్మకం సడలింది. చదవని మెయిల్ కూడా చదివినట్టే కనిపించవచ్చు.

స్కోరు: ఈ జాడలన్నిటినీ కలిపి, విద్యార్థి చేరే అవకాశానికి కట్టే అంకె. కనీసం 44 విశ్వవిద్యాలయాలు కాబోయే విద్యార్థుల సమాచారం సేకరించి విశ్లేషించడానికి బయటి సంస్థల సాయం తీసుకుంటున్నాయని 2019లో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. అన్యాయం ఇక్కడే ఉంది. లైబ్రరీ కంప్యూటర్‌లోనో స్నేహితుడి ఫోన్‌లోనో కాలేజీ పేజీలన్నీ చదివిన పిల్లవాడి ఆసక్తి అతని పేరు మీద జమకాదు. ఇంట్లో తీరిగ్గా లింకులు నొక్కినవాడిదే జమవుతుంది. ఆ అంకె ఆశను కొలవదు, వసతిని కొలుస్తుంది.

ఫెర్పా: విద్యార్థుల రికార్డులకు గోప్యత కల్పించే 1974 నాటి ఫెడరల్ చట్టం. అది చేరిన విద్యార్థులకే వర్తిస్తుంది. దరఖాస్తుదారుకు ఆ రక్షణ లేదు.

పదిహేడేళ్ల పిల్లల్ని గమనిస్తున్నప్పుడు ఆ సంగతి ముందే, అర్థమయ్యే మాటల్లో చెప్పడం కాలేజీల కనీస ధర్మం. తల్లిదండ్రులు ముందుగా సి-7 చూడాలి. ఆసక్తికి విలువిచ్చే కాలేజీతో, దరఖాస్తులో ఇచ్చిన మెయిల్ ఐడీ నుంచే పిల్లల చేత ఉత్తరప్రత్యుత్తరాలు నడిపించాలి.