చికాగోకు పేరిచ్చిన అడవి వెల్లుల్లి

ఈ ప్రత్యేక సంచికకు అడవి వెల్లుల్లి గుణాల గురించి ఒక వ్యాసం రాయమని మన సంఘం పెద్దలు అడిగారు. దాని రుచి, వాసన, ఏయే జబ్బులకు వాడతారు, ఇవన్నీ నాలుగు పేరాల్లో రాసి ఇచ్చేద్దామనుకున్నాను. తీరా పుస్తకాలు తిరగేస్తూ కూర్చుంటే ఆ మొక్క నన్ను మన అడవుల నుంచి ఎక్కడో అమెరికాలోని మిషిగన్ సరస్సు ఒడ్డుకు తీసుకుపోయింది. అక్కడి ఆదివాసీలు తిన్న ఒక ఆకు పేరే ఇవాళ ప్రపంచమంతా పలికే ఒక మహానగరం పేరు. ఆ నగరం చికాగో.

చికాగో అనగానే తెలుగువాళ్లకు 1893లో వివేకానందుడు మాట్లాడిన సర్వమత మహాసభ గుర్తుకొస్తుంది. లేదా అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న చుట్టాలు గుర్తుకొస్తారు. నా మేనల్లుడు కూడా అక్కడే చదువుకుంటున్నాడు. ఊరి పేరుకు అర్థం ఏమిటని అడిగితే, "ఇంగ్లీషు పేరే కదా మామయ్యా" అన్నాడు. కాదు. ఇంగ్లీషు వాళ్ల కంటే ముందు ఫ్రెంచి వాళ్లు ఆ పేరు రాసుకున్నారు. ఫ్రెంచి వాళ్లకు చెప్పింది అక్కడి మయామి, ఇల్లినాయ్ తెగల వాళ్లు. వాళ్ల భాషలో ఆ మాట "షికాక్వా".

షికాక్వా అంటే రెండు అర్థాలున్నాయి. ఒకటి స్కంక్ అనే జంతువు. నలుపు మీద తెల్ల చారలతో పిల్లి అంత ఉంటుంది, భయపడితే భరించలేని కంపు చిమ్ముతుంది. రెండోది ఘాటైన వాసన గల ఈ అడవి వెల్లుల్లి. వాసనను బట్టి జంతువుకూ మొక్కకూ ఒకే మాట. మన పెద్దలు కూడా మొక్కలకు ఇలాగే పేర్లు పెట్టారు కదా, చూసినదాన్ని బట్టి, ముక్కుకు తగిలినదాన్ని బట్టి.

ఈ సంగతిని రాతలో పెట్టినవాడు హెన్రీ జుటెల్ అనే ఫ్రెంచివాడు. లా సాల్ అనే యాత్రికుడి దండులో ఇతను ఒకడు. 1687 మార్చిలో లా సాల్‌ను టెక్సాస్ ప్రాంతంలో సొంత మనుషులే చంపేశారు. బతికి బయటపడిన కొద్దిమందితో జుటెల్ ఉత్తరానికి నడిచి, కెనడా చేరాలని ప్రయత్నించాడు. ఆ దారిలో వాళ్లు "చికాగూ" అనే చోట ఆగారు. అక్కడి అడవుల్లో వెల్లుల్లి విస్తారంగా పెరుగుతుంది కాబట్టే ఆ చోటుకు ఆ పేరు వచ్చిందని తాము విన్నట్టు అతను తన దినచర్యలో రాసుకున్నాడు. 1688 వసంతంలో వాతావరణం బాగాలేక అక్కడ కొన్ని రోజులు చిక్కుకుపోయినప్పుడు, మేపుల్ చెట్ల తీపి నీరు, ఈ అడవి వెల్లుల్లి, చిన్న ఉల్లి వాళ్లకు ఆకలి తీర్చాయి. వెల్లుల్లిని వేరుగా, ఉల్లిని వేరుగా అతను రాయడం ముఖ్యమైన సంగతి. ఎందుకంటే తరువాతి కాలంలో చాలామంది చికాగో అంటే "ఉల్లి పొలం" అని రాసేశారు. నగరానికి దగ్గరి మైదానాల్లో వంగిన తలతో పూసే మరో అడవి ఉల్లి ఉంది, అదే ఇది అని కొందరు వాదించారు. 1991లో జాన్ స్వెన్సన్ అనే పరిశోధకుడు పాత ఫ్రెంచి రాతలన్నీ మళ్లీ చదివి, జుటెల్ చెప్పింది మేపుల్ అడవుల నీడలో పెరిగే వెడల్పాటి ఆకుల మొక్క అని తేల్చాడు. శాస్త్రంలో దాని పేరు ఆలియం ట్రైకోకమ్. అమెరికాలో మామూలు జనం పిలిచే పేరు ర్యాంప్.

ఆ మొక్క సంగతి చెప్పాలి. చలికాలమంతా మంచు కింద గడ్డ నిద్రపోతుంది. మార్చి చివర, ఏప్రిల్‌లో, అంటే మన దగ్గర ఇప్పపూలు రాలే రోజుల్లోనే, అక్కడ మంచు కరుగుతుంది. పైన చెట్లకు ఇంకా చిగుళ్లు రావు, ఎండ నేలదాకా పడుతుంది. ఆ కొద్ది వారాల ఎండ కోసమే ఇది తొందరగా రెండు మూడు వెడల్పాటి ఆకులు వేస్తుంది. ఆకు మెత్తగా, నున్నగా ఉంటుంది, కాడ దగ్గర చాలాసార్లు ఎరుపు జీర కనిపిస్తుంది. చెట్లు గుబురుగా ఆకు తొడిగి నీడ కమ్మేసరికి, జూన్ నాటికి, ఈ ఆకులు వాడి రాలిపోతాయి. ఆకులు పోయాక పూకాడ లేస్తుంది. కాయలో మూడు అరలు, అరకు ఒక నల్లటి గింజ. ట్రైకోకమ్ అన్న పేరు ఆ మూడింటి వల్లే. గింజ మొలకెత్తడానికే ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. మొలిచిన మొక్క పూతకు రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు. ఒక పిల్లవాడు పుట్టి బడికి వెళ్లేంత కాలం అన్నమాట. ఈ లెక్క తరువాత మళ్లీ పనికొస్తుంది.

ఇక ఆరోగ్యం మాట. ఆరు నెలల మంచులో ఎండు మాంసం, ఎండు చేప, నిల్వ మొక్కజొన్నలతో గడిపిన కుటుంబానికి పచ్చని ఆకు కనబడటమే పండగ. తాజా ఆకు కూరలు, పండ్లు లేకపోతే సి విటమిన్ తగ్గి చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, కాళ్లు లాగుతాయి, దాన్నే స్కర్వీ అంటారు. ర్యాంప్ ఆకులో సి విటమిన్ బాగా ఉంటుంది. చెరొకీలు, ఇరోక్వాయ్‌లు దీన్ని వసంతంలో ఒంటికి బలమిచ్చే ఆకుగా తినేవారు. చెరొకీలు జలుబుకు, పిల్లల గొంతు దగ్గుకు కూడా వాడారు, ఆకు రసాన్ని వెచ్చచేసి చెవిపోటుకు వేశారు. ఇరోక్వాయ్‌లు పొట్టలో పురుగులకు ఇచ్చారు. మెనామినీ, ఒజిబ్వే తెగలు గడ్డలను ఎండబెట్టి చలికాలానికి దాచుకున్నాయి. విటమిన్ అన్న మాట పుట్టకముందే ఆ తల్లులకు ఏ నెలలో ఏది తినాలో తెలుసు.

తరువాత శాస్త్రవేత్తలు వచ్చి కొంత వివరం చెప్పారు. వెల్లుల్లి జాతి మొక్కలను నలిపినప్పుడు గంధకం గల పదార్థాలు తయారవుతాయి, ఆ ఘాటు వాటిదే. వాటిలో ముఖ్యమైన అల్లిసిన్‌ను 1944లో వేరుచేసి, అది సూక్ష్మక్రిములను అడ్డుకుంటుందని చూపించారు. నలపనంత వరకు ఆ పదార్థం ఉండదు, కత్తి పడ్డాకే పుడుతుంది. అందుకే పచ్చిగా దంచినదానికి ఉన్న గుణం బాగా ఉడికించినదానికి ఉండదు. నేలలోని సెలీనియం అనే ఖనిజాన్ని కూడా ర్యాంప్ గడ్డ బాగా పీల్చుకుంటుంది. సెలీనియం ఎక్కువగా పెట్టి పెంచిన ర్యాంప్‌ను ఎలుకలకు తినిపిస్తే రొమ్ము కణితులు తగ్గాయని 2000లో ఒక పరిశోధన వెలువడింది. అది ఎలుకల్లో జరిగింది, మనుషుల్లో కాదు. కాబట్టి అడవి వెల్లుల్లి క్యాన్సర్‌ను నయం చేస్తుందని ఫోన్లలో తిరిగే మాటలను దయచేసి మన గ్రూపుల్లో పంపకండి. మంచి ఆకుకూర, మంచి ఆహారం అనుకుంటే చాలు.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. ర్యాంప్ ఆకులాగే కనిపించే విష మొక్కలు అదే అడవిలో, అదే నెలలో మొలుస్తాయి. లిల్లీ ఆఫ్ ది వ్యాలీ ఒకటి, ఫాల్స్ హెలెబోర్ ఇంకొకటి. పొరపాటున తిన్నవాళ్లు ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. ఆకు నలిపితే ఉల్లి వాసన రావాలి, అది గుర్తు. కానీ అప్పటికే చేతికి ఆ వాసన అంటుకుని ఉంటే ఆ గుర్తు కూడా మోసం చేస్తుంది. మన వైపు కూడా పేరు చూసి మోసపోకూడదు. మనం అడవి ఉల్లి, నక్క ఉల్లిగడ్డ అని పిలిచేది అసలు వేరే మొక్క, అందులో గుండె మీద పనిచేసే విషం ఉంది. పేరులో ఉల్లి ఉందని కూరలో వేసే పని కాదు. మన మందుల పెద్దలు దాన్ని ఎలా, ఎంత వాడతారో వాళ్లకే వదిలేద్దాం.

ఇప్పుడు చరిత్రకు మళ్లీ వద్దాం. చికాగో పట్టణంగా నమోదైంది 1833 ఆగస్టులో. అదే ఏడాది సెప్టెంబరులో అక్కడే పొటవాటమి, ఒజిబ్వే, ఒడావా తెగలతో ఒప్పందం చేయించుకుని, దాదాపు యాభై లక్షల ఎకరాలు తీసుకుని, వాళ్లను మిసిసిపీ నది అవతలికి పంపారు. ఇండియానాలో మిగిలిన మయామి కుటుంబాలను 1846 అక్టోబరులో సైనికుల కాపలాతో కాలువ పడవల్లో ఎక్కించి కాన్సాస్‌కు తరలించారు. మూడు వందలకు పైగా మనుషులు. తరువాత అక్కడి నుంచి కూడా కదిలించి ఇప్పటి ఓక్లహోమాకు పంపారు. పేరు మాత్రం ఊరికి ఉండిపోయింది. పేరు పెట్టినవాళ్లు ఊళ్లో లేరు. ఇలాంటి కథ వినడానికి మనకు అంత దూరం పోనక్కర్లేదు. ఆనకట్టల కింద మునిగిన గూడేల పేర్లతో జలాశయాలు ఉండటం మనకూ తెలుసు.

ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఆ భాషను ఇంట్లో మాట్లాడుకునే చివరి మనుషులు కూడా పోయారు. పుస్తకాల్లో దాన్ని చనిపోయిన భాష అని రాశారు. అయితే 1700 ప్రాంతంలో ఫ్రెంచి పాదిరీలు రాసి పెట్టిన నిఘంటువుల చేతిరాతలు మిగిలి ఉన్నాయి. డేవిడ్ కోస్టా అనే భాషా శాస్త్రవేత్త వాటిని, తరువాతి రాతలను కలిపి వ్యాకరణం తిరిగి కూర్చాడు. మయామి తెగకే చెందిన డారిల్ బాల్డ్విన్ పెద్దయ్యాక ఆ కాగితాల నుంచే భాష నేర్చుకుని, ఇంట్లో పిల్లలతో అదే మాట్లాడాడు. 2001లో ఒహాయోలోని మయామి విశ్వవిద్యాలయంలో, తెగతో కలిసి, భాష కోసం ఒక ప్రత్యేక ప్రాజెక్టు మొదలైంది. ఇప్పుడు ఆ తెగ పిల్లలు మళ్లీ ఆ మాటలు పలుకుతున్నారు. షికాక్వా అంటే ఏమిటో సరిగ్గా చెప్పగలిగింది కూడా ఈ పని జరగడం వల్లే. లిపి లేదు, పుస్తకాలు లేవు, ఇంకెందుకు అని మన భాషల గురించి మనవాళ్లే అనేటప్పుడు నాకు బాల్డ్విన్ ఇల్లు గుర్తుకొస్తుంది. మనకైతే ఇంకా మాట్లాడే అమ్మమ్మలు ఉన్నారు.

మొక్క కథ మరోవైపు నడిచింది. ఆపలాచియన్ కొండల్లో చెరొకీలతో పాటు పేద తెల్లవాళ్లు కూడా ర్యాంప్ తినడం నేర్చుకున్నారు. తిన్న పిల్లల ఒంటి నుంచి వచ్చే వాసనకు బడి పంతుళ్లు ఇంటికి పంపేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కొండవాళ్ల కూడు అని వెక్కిరించిన ఆ ఆకు తరువాత పెద్ద నగరాల హోటళ్లలో ఖరీదైన వంటకం అయింది. మన చిరుధాన్యాలకు జరిగినట్టే. గిరాకీ పెరిగాక గడ్డలతో సహా బస్తాలకు బస్తాలు పెరికేశారు. ఏడేళ్లకు పూసే మొక్క ఆ వేగాన్ని ఎలా తట్టుకుంటుంది? కెనడాలోని క్విబెక్ 1995లోనే అమ్మకాన్ని నిషేధించింది. ఇంటి వాడకానికి మనిషికి ఏడాదికి 50 గడ్డలకు మించి తీయకూడదని చట్టం చేసింది. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కులో చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. పదేళ్లకోసారి, అదీ పదో వంతు మాత్రమే తీస్తే మొక్కలు తిరిగి కోలుకుంటాయని అందులో తేలింది. అదే ఏడాది పార్కులో ర్యాంప్ తీయడాన్ని పూర్తిగా ఆపేశారు.

ఆ పార్కు చెరొకీల పాత అడవి. 1934లో పార్కు అయింది. తరతరాలుగా అక్కడ ర్యాంప్ ఏరుకున్నవాళ్లు ఒక్కసారిగా నేరస్తులయ్యారు. చెరొకీ పెద్దలు చెప్పేది ఏమిటంటే, మా పద్ధతిలో వేరుతో సహా పెరకం, వేరు మొదలు నేలలోనే ఉంచి పైభాగం కోస్తాం, మళ్లీ మొలుస్తుంది అని. బస్తాలు నింపినవాడికీ బుట్టెడు కోసుకున్న ముసలమ్మకూ ఒకే శిక్ష వేయడంలో న్యాయం ఎక్కడుందో నాకు అర్థం కాదు. 2016లో అక్కడి జాతీయ పార్కుల శాఖ నియమం మార్చి, గుర్తింపు పొందిన తెగలు ఒప్పందం మీద సంప్రదాయ మొక్కలు ఏరుకోవచ్చని చెప్పింది. 2019లో చెరొకీలతో ఆ పార్కు ఒప్పందం కుదుర్చుకుంది. కానీ అది సోచాన్ అనే మరో ఆకుకూరకు, ర్యాంప్‌కు కాదు.

మన దగ్గర 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు మనకే రాసింది. అడ్డాకు, తపసి బంక, ఇప్పపువ్వు, ఉసిరి, కరక్కాయ సేకరించడం, అమ్ముకోవడం హక్కు. కాగితం మీద చెరొకీల కంటే మనమే మెరుగు. చెక్‌పోస్టు దగ్గర ఆ కాగితం ఎంత పనిచేస్తుందో అడ్డాకు కట్టలు మోసిన మన అక్కచెల్లెళ్లను అడగాలి.

ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పాక మేనల్లుడు ఏప్రిల్‌లో ఒక ఆదివారం చికాగో శివార్లలోని అడవికి వెళ్లాడు. నగరం చుట్టూ కొంత పాత అడవిని కౌంటీ వాళ్లు కాపాడుతున్నారు. ఎండుటాకుల మధ్య పచ్చగా చాప పరిచినట్టు ఉందని ఫోన్ చేశాడు. అక్కడ మొక్కలు కోయడం నిషేధం. బోర్డు పెట్టి ఉందట. "కోయలేదు మామయ్యా, మోకాళ్ల మీద కూర్చుని వాసన చూశాను. మన వెల్లుల్లి కారం వాసనే" అన్నాడు.