మాటల అల్లిక పుట్టుపూర్వోత్తరాలు

మాటలు ఒంటరిగా రావు, బంధుబలగంతో వస్తాయి. ఈ గ్రహింపు మన దేశంలో పాతది. అమరకోశం మాటలను వర్గాలుగా పేర్చింది. పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహం’ తెలుగు మాటలనూ అలాగే కూర్చింది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు అకారాది క్రమం పట్టింది. వెతకడం తేలికైంది గానీ చుట్టరికాలు చెదిరాయి.

మనసులో ఈ చుట్టరికాలు ఎలా ఉంటాయో చూపడానికి అమెరికాలో పరిశోధకులు కాలిన్స్, క్విలియన్ 1969లో మాటలను ముడులుగా, అర్థసంబంధాలను దారాలుగా ఊహించి నమూనా గీశారు. అది అల్లడం పూర్తయిన వల. అది ఎలా పెరుగుతుందన్న ప్రశ్నకు దారి భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. కొత్త ముడి, ఇప్పటికే ఎక్కువ దారాలున్న ముడినే పట్టుకునే అవకాశం ఎక్కువని 1999లో బరబాసి, ఆల్బర్ట్ చూపారు. 2005లో స్టైవర్స్, టెనెన్‌బామ్ ఇలాంటి సూత్రాన్నే మాటలకు వర్తింపజేశారు.

2009లో హిల్స్ అనే పరిశోధకుడి బృందం ఈ సూత్రాన్ని తిరగేసింది. పసివాడికి తెలిసిన మాటల బలం కాదు, చుట్టూ వినిపించే భాషలో కొత్త మాటకున్న బలగమే ముఖ్యమంది. ఉదాహరణకు, నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క చెంచాలకు పేరుపొందింది. అక్కడి పిల్లవాణ్ణి ఊహిస్తే తేడా తెలుస్తుంది. మొదటి సూత్రం ప్రకారం వాడి వలలో ‘చెక్క’కు ఇప్పటికే చాలా దారాలున్నాయి కనుక ‘గరిటె’, ‘తెడ్డు’ దానికి తగులుకుంటాయి. రెండో సూత్రం ప్రకారం ‘గరిటె’ వంటింట్లో, అంగట్లో, పనిచోట పది మాటలతో కలిసి వినిపిస్తుంది కనుక ముందే వస్తుంది. ఆత్మకూరు వైపు పొలంగట్టున పెరిగే పిల్లకు ఆ చోటు ‘మడి’కో ‘నారు’కో దక్కుతుంది.

అయితే హిల్స్ పరిశీలించింది తొలిమాటలు నేర్చే పసివాళ్లను. ఉదయగిరిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు బడిలో తెలుగు నేర్చేటప్పుడు వాళ్ల దగ్గర ఒక వల ముందే ఉంటుంది. ‘చమ్చా’ తెలిసినవాడికి ‘చెంచా’ సగం వచ్చినట్టే. ‘తెడ్డు’కు అలాంటి ఊతం లేదు. ఇలా రెండో భాష నేర్చేవారి పదజాలం మీద వేల్స్‌లోని స్వాన్సీలో పాల్ మీరా కంప్యూటర్ నమూనాలు కట్టారు. వాటిలో ప్రతి మాటా దీపంలాంటిది. వెలగడమా ఆరడమా అన్నది దానికి ముడిపడిన మాటలను బట్టే ఉంటుంది.